బరంపురంలో ఆఫీసు నెట్‌వర్క్ బాగుచేసిన కుర్రాడు: మా అనుభవం, ఖర్చు, ఇబ్బందులు

మా ఆఫీసు బరంపురం బడాబజార్‌లో, ఇల్లు ఇచ్ఛాపురంలో. మధ్యలో పాతిక కిలోమీటర్లు, ఆంధ్రా, ఒడిశా బోర్డరు. పదిహేనేళ్లుగా పొద్దున్నే బస్సెక్కి వెళ్తున్నాను, సాయంత్రం తిరిగొస్తున్నాను. పప్పులు, మసాలా దినుసుల హోల్‌సేల్ వ్యాపారం మాది, లెక్కలన్నీ నేనే చూస్తాను. నెలలో 11వ తేదీలోపు జీఎస్టీఆర్-1, 20వ తేదీలోపు 3బీ అనే జీఎస్టీ రిటర్నులు వెయ్యాలి కదా, ఆ ముందు రెండు మూడు రోజులూ రాత్రి ఎనిమిదిన్నర దాటనిదే ఆఫీసు వదలడం కుదరదు. ఆ టైములో ఇచ్ఛాపురం బస్సు కోసం రోడ్డు మీద నిలబడటం ఎలా ఉంటుందో ఆడవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు. అందుకే, సాయంత్రం ఇంటికెళ్లిపోయి అక్కణ్ణుంచే ఆఫీసు కంప్యూటర్లోకి లాగిన్ అయ్యే ఏర్పాటు చేయించండి అని మా షావుకారు గారిని ఏడాదిగా అడుగుతున్నాను. ఈమధ్య బిల్లింగ్ కౌంటర్‌కి మూడు కొత్త కంప్యూటర్లు కొన్నారు, ఎలాగూ వాటిని కలపాలి కాబట్టి రెండు పనులూ ఒకేసారి చేయిద్దాం అన్నారు.

మొదట వచ్చినాయన పేరు రాయను, కానీ ఆయన చేసినవి రాయకపోతే రెండో అతను చేసిన పని విలువ తెలియదు. మూడుసార్లు వచ్చాడు, మొత్తం నాలుగున్నర వేలు తీసుకున్నాడు. వచ్చీ రాగానే అన్ని కంప్యూటర్లలో ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చేవాటిని అడ్డుకునే కాపలా) ఆపేశాడు. రౌటర్‌లో 3389 పోర్టు తెరిచాడు (పోర్టంటే నెట్‌వర్క్‌లో తలుపు లాంటిది, వేరేచోట నుంచి కంప్యూటర్ స్క్రీన్ తెరిచే విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వాడేది అది). కొత్త కంప్యూటర్లకి స్విచ్‌లో (కేబుళ్లన్నీ కలిపే పెట్టె) ఖాళీ లేదని అటక మీదున్న పాత వైఫై రౌటర్ దించి దానికి తగిలించాడు. తన ల్యాప్‌టాప్‌కి మా ఆఫీసు వైఫై కలుపుకుని, అక్కడే కూర్చుని, నా కంప్యూటర్ స్క్రీన్ తెరిచి చూపించి "వచ్చేసింది కదా మేడమ్" అన్నాడు. నేనూ సంతోషించాను. ఇంటికొచ్చి చూస్తే రాలేదు. ఫోన్ చేస్తే మీ ఇంట్లో నెట్ స్లో అన్నాడు. కొత్త కంప్యూటర్లేమో డొమైన్‌లో (ఆఫీసు కంప్యూటర్లన్నిటి లాగిన్లూ ఒకేచోట సర్వర్ చూసుకునే ఏర్పాటు) చేరమంటే డొమైన్ కంట్రోలర్, అంటే ఆ సర్వర్, దొరకలేదని ఎర్రర్ ఇస్తున్నాయి. దానికి సర్వర్ పాతబడిపోయిందమ్మా, మార్చెయ్యండి అన్నాడు. సర్వర్ మార్చడమంటే మాలాంటి వాళ్లకి చిన్న ఖర్చు కాదు, షావుకారు గారు ఆ రోజు మధ్యాహ్నం భోజనం కూడా సరిగ్గా చెయ్యలేదు.

మా పక్క సందులో అప్పడాలు, పచ్చళ్లు అమ్మే ఆయన చెప్పారు ఈ కుర్రాడి గురించి. గిరి రోడ్డు వైపు, కింద జెరాక్స్ షాపు, పక్కనుంచి మెట్లెక్కితే పైన చిన్న గది, అదే షాపు. ఇతనూ ఒక హెల్పరూ, అంతే. తెలుగిళ్లలో పుట్టినవాడే కానీ చదువంతా ఒడియాలో, తెలుగు గలగలా మాట్లాడతాడు, రాయడం రాదు. మా బరంపురంలో ఇది మామూలే.

మర్నాడు వచ్చాడు. వచ్చి కూర్చోగానే మౌస్ పట్టుకుంటాడనుకున్నాను, పట్టుకోలేదు. "అక్కా, ఏది పనిచెయ్యట్లేదో తర్వాత చెప్పండి, ఏ కంప్యూటర్ ఎక్కడిదాకా పనిచేస్తోందో ముందు చెప్పండి" అన్నాడు. తర్వాత టార్చిలైటు తీసుకుని ఒక్కో కేబుల్ పట్టుకుని గోడవెంట నడిచాడు, బల్లల కింద దూరాడు, మేడమీదికి వెళ్లాడు. పాత క్యాలెండర్ కాగితం ఒకటి అడిగి దాని వెనకవైపు బొమ్మ గీశాడు: ఇదిగో మెయిన్ రౌటరు, ఇదిగో స్విచ్చు, ఇది పైన సర్వరు, ఇవి పాత ఐదూ, ఇవి కొత్త మూడూ. ఏ కంప్యూటర్‌కి ఏ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబరు) వచ్చిందో ప్రతి దాని దగ్గరా చూసి పక్కన రాశాడు. నలభై నిమిషాలు దీనికే పట్టింది. షావుకారు గారు ఒకసారి నావైపు చూశారు కూడా, ఏం చేస్తున్నాడమ్మా అన్నట్టు.

ఆ కాగితం మీదే సగం రోగం బయటపడింది. పాత కంప్యూటర్లన్నీ 192.168.1తో మొదలైతే కొత్త మూడూ 192.168.0తో మొదలవుతున్నాయి. అంటే ఆ వైఫై రౌటర్ తన వెనక వేరే చిన్న నెట్‌వర్క్ పెట్టుకుని కూర్చుంది. కొత్తవి పాతవాటిని చూడగలవు, పాతవి కొత్తవాటిని చూడలేవు. కొత్త కౌంటర్‌కి తగిలించిన ప్రింటర్ మాకెవరికీ ఎందుకు కనపడలేదో అప్పుడు అర్థమైంది. ఆ రౌటర్ తీసి పక్కన పెట్టేసి, ఎనిమిది పోర్టుల స్విచ్ ఒకటి కొనిపించాడు. అన్నీ ఒకే వరసలోకి వచ్చాయి.

తర్వాతది డీఎన్ఎస్. ఇది నాకు అర్థమయ్యేలా చెప్పాడు కాబట్టి రాస్తున్నాను, మీ ఆఫీసులోనూ ఇదే అయి ఉండొచ్చు. కంప్యూటర్ డొమైన్‌లో చేరాలంటే ముందు డొమైన్ సర్వర్ ఎక్కడుందని ఎవర్నో ఒకర్ని అడగాలి, అడిగేది డీఎన్ఎస్‌ని. మొదటాయన కొత్త కంప్యూటర్లన్నింట్లో 8.8.8.8 పెట్టి వెళ్లాడు. అది గూగుల్ వాళ్ల పబ్లిక్ డీఎన్ఎస్, ప్రపంచంలో ఉన్న వెబ్‌సైట్లన్నీ దానికి తెలుసు, మా మేడమీద గదిలో ఉన్న సర్వర్ దానికెలా తెలుస్తుంది? తెలిసింది మా సర్వర్‌కే. డీఎన్ఎస్ దగ్గర మా సర్వర్ అడ్రస్ పెట్టాడు, బయటి సైట్ల సంగతి సర్వరే బయట అడిగి తెచ్చుకుంటుంది. రెండు కంప్యూటర్లు ఆ నిమిషంలోనే డొమైన్‌లో చేరిపోయాయి, రీస్టార్ట్ అయ్యాక నా పేరుతో లాగిన్ అయ్యాను. మార్చెయ్యాలన్న సర్వర్‌ని ఎవరూ ముట్టుకోనే లేదు.

మూడోది చేరలేదు. అసలు డొమైన్ బటనే మసకగా ఉంది. చూస్తే అందులో ఉన్నది విండోస్ హోమ్. హోమ్ ఎడిషన్ డొమైన్‌లో చేరదు, బయటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో దానిలోకి రానూ రాలేం, రెండింటికీ ప్రో ఉండాలి. మూడూ ఒకే చోట ఒకే రోజు కొన్నాం, అమ్మినవాళ్లు చెప్పలేదు, మేం అడగలేదు. షావుకారు గారు "ఏదో ఒకటి వేసి నడిపించెయ్యి బాబూ" అన్నారు. కుర్రాడు ఒప్పుకోలేదు. "క్రాక్ వేస్తే రేపు దాంట్లో ఏం దూరిందో నేను చెప్పలేను సార్, మీ లెక్కలన్నీ ఉన్న నెట్‌వర్క్‌లో నేను పెట్టను" అని మెల్లగానే అన్నాడు గానీ గట్టిగానే అన్నాడు. లైసెన్స్ కొని ప్రోకి మార్చాం. ఆ ఖర్చు నొప్పే, కానీ ఆ మాట అన్నందుకే ఇతని మీద నాకు నమ్మకం కుదిరింది. కంప్యూటర్ కొనేవాళ్లు ఆఫీసుకైతే ప్రో అని బిల్లు మీద రాయించుకోండి.

గొడౌన్‌లో ఉన్న పాత కంప్యూటర్ కథ వేరే. అది ఎప్పట్నుంచో డొమైన్‌లోనే ఉంది, కానీ వారంలో రెండు రోజులు లాగిన్ కాదు. గొడౌన్ గుమస్తా దాన్ని రెండుసార్లు ఆపి ఆన్ చేసి, చివరికి కాగితం మీద రాసుకుని సాయంత్రం నా దగ్గరికి తెచ్చేవాడు. పాస్‌వర్డ్ మర్చిపోతున్నాడేమో అని నేను అతన్ని చాలాసార్లు కోప్పడ్డాను, అది తల్చుకుంటే ఇప్పుడు బాధగా ఉంది. కుర్రాడు వెళ్లి స్క్రీన్ మూలన గడియారం చూశాడు. తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి వెళ్లిపోయి ఉంది. సర్వర్ టైముకీ కంప్యూటర్ టైముకీ ఐదు నిమిషాల కంటే ఎక్కువ తేడా ఉంటే డొమైన్ లాగిన్ ఒప్పుకోదట. పెట్టె విప్పి బ్రష్షుతో ధనియాల దుమ్మంతా దులిపి, మదర్‌బోర్డు మీంచి గుండ్రటి బ్యాటరీ గోటితో పైకి లేపి నా చేతిలో పెట్టాడు. పాత పావలా బిళ్లంత ఉంది, మీద సీఆర్2032 అని రాసుంది. మీటర్ పెట్టి చూపించాడు, మూడు వోల్టులు ఉండాల్సింది రెండు కూడా లేదు. గొడౌన్‌లో కరెంటు తీసేసినప్పుడల్లా గడియారం చచ్చిపోతోంది, అందుకే ఆదివారం సెలవు తర్వాత సోమవారం ప్రతిసారీ గోల. నలభై రూపాయల బ్యాటరీ. ఆ కంప్యూటర్‌లో విండోస్ 10 ఉంది, మైక్రోసాఫ్ట్ దానికి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆపేసింది, ఆ మెషీన్ విండోస్ 11కి పనికిరాదు, కాబట్టి దీనికి బయటి నుంచి లాగిన్ ఇవ్వను, వీలైనప్పుడు మార్చండి అని చెప్పాడు.

ఇక కేబుల్. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానప్పుడు దుకాణంలోకి నీళ్లొస్తే సర్వర్‌ని మేడమీదికి మార్చాం, అప్పుడు కేబుల్ పొడుగు చాలక ఎవరో మధ్యలో కోసి, తీగలు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టారు. ఇన్నేళ్లూ దాని మీదే నడుస్తోంది. ఇతను టేపు విప్పి చూపిస్తే లోపల నీలం తీగ, నీలం తెలుపు తీగ రెండూ తెగిపోయి ఉన్నాయి, చివర్లు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. ఎనిమిది తీగల్లో నాలుగుంటే 100 ఎంబీపీఎస్ నడుస్తుంది, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి, అందుకే పనిచేస్తోంది కానీ నెమ్మదిగా చేస్తోంది. మార్చి నెలాఖరులో రిపోర్టు తీస్తే టీ తాగి రావచ్చనుకునేవాళ్లం. కొత్త క్యాట్-6 వేసి, చివర్లు మా ముందే కట్ చేసి, నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం అంటూ పైకి చదువుతూ క్లిప్‌లో దూర్చి నొక్కాడు. ఇప్పుడు అదే రిపోర్టుకి లేచే పనే లేదు.

నాకు అసలు కావాల్సిన రిమోట్ లాగిన్‌కి రెండో రోజు పట్టింది. ఇక్కడ ఒక్క కారణం కాదు, ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి, అందుకే మొదటాయనకి దొరకలేదేమో. నా కంప్యూటర్ అరగంట ముట్టుకోకపోతే నిద్రలోకి పోతోంది, నిద్రపోయిన దాంట్లోకి ఎవరు లాగిన్ అవుతారు, ఆ సెట్టింగ్ తీసేశాడు. రౌటర్ దానికి ఇచ్చే ఐపీ మారిపోతూ ఉంది, అది మారకుండా కట్టేశాడు. నేను రోజూ నాలుగంకెల పిన్‌తో తెరుస్తాను, రిమోట్ డెస్క్‌టాప్‌లో ఆ పిన్ చెల్లదు, అసలు పాస్‌వర్డే కొట్టాలి. పైగా నా పేరు రిమోట్ డెస్క్‌టాప్ యూజర్ల గ్రూపులో లేదు, అడ్మినిస్ట్రేటర్‌ని కూడా కాను, కాబట్టి పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా తోసేస్తుంది. అన్నింట్లో ఫైర్‌వాల్ తిరిగి ఆన్ చేసి, అవసరమైన రూల్ ఒక్కటి మాత్రం వదిలాడు.

ఇవన్నీ అయ్యాక కూడా ఇంటి నుంచి రాదని ముందే చెప్పాడు. రౌటర్ పేజీ తెరిచి చూపించాడు, మా నెట్ కనెక్షన్‌కి వచ్చిన అడ్రస్ 100.72తో మొదలవుతోంది. 100.64 నుంచి 100.127 వరకు ఉండే అడ్రసులు మనకి సొంతవి కావు, నెట్ ఇచ్చే కంపెనీ చాలామంది ఇళ్లనీ షాపులనీ ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక పెట్టడానికి లోపల వాడుకునేవి. అపార్ట్‌మెంట్‌కి అడ్రస్ ఉంది, మీ ఫ్లాట్‌కి నంబర్ లేదు, పోస్ట్‌మ్యాన్ గేటు దాకా వచ్చి వెళ్లిపోతాడు అక్కా అన్నాడు. అందుకే పోర్టు ఎంత తెరిచినా బయటివాళ్లకి తలుపు కనపడలేదు. ఒక రకంగా అదే మమ్మల్ని కాపాడింది. 3389ని అలా ఇంటర్నెట్‌కి తెరిచి పెడితే పాస్‌వర్డులు కొట్టి చూసే ప్రోగ్రాములు రాత్రీ పగలూ తడతాయట, లోపలికి వచ్చాక ఫైళ్లన్నీ తాళం వేసి డబ్బులడుగుతారు. 2019లో పాత విండోస్‌ల రిమోట్ డెస్క్‌టాప్‌లో బ్లూకీప్ అనే లోపం బయటపడినప్పుడు పాస్‌వర్డ్ కూడా అక్కర్లేకుండా లోపలికి రాగలిగే పరిస్థితి వచ్చిందనీ, మైక్రోసాఫ్ట్ ఎప్పుడో సపోర్టు ఆపేసిన ఎక్స్‌పీకి కూడా అప్పుడు ప్యాచ్ ఇచ్చిందనీ చెప్పాడు. ఆ పోర్టు మూసేశాడు.

దాని బదులు నెట్ కంపెనీకి రాయించి స్టాటిక్ ఐపీ (మారని సొంత పబ్లిక్ అడ్రస్) తీసుకున్నాం, ఏడాదికి రెండు వేల చిల్లర. రౌటర్‌లోనే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టాడు. నా ల్యాప్‌టాప్‌లో ముందు వీపీఎన్ ఆన్ చెయ్యాలి, అప్పుడు నా ల్యాప్‌టాప్ ఆఫీసులో ఉన్నట్టే లెక్క, ఆ తర్వాతే రిమోట్ డెస్క్‌టాప్. మన దగ్గరున్న తాళంచెవి లాంటి కోడ్ లేకుండా ఎవరు తట్టినా ఆ వీపీఎన్ బదులే ఇవ్వదు. ల్యాప్‌టాప్ పోతే వెంటనే ఫోన్ చెయ్యండి, ఆ ఒక్క తాళంచెవీ తీసేస్తాను అన్నాడు.

టెస్ట్ చేసిన పద్ధతి నాకు అన్నిటికంటే నచ్చింది. ఆఫీసు వైఫై తీసేయించి, నా ఫోన్ హాట్‌స్పాట్‌కి ల్యాప్‌టాప్ కలిపించి, బయట వీధి అరుగు మీద నన్ను కూర్చోబెట్టాడు. "ఇంటి నుంచి చూస్తున్నట్టే అక్కా, ఇక్కడ రాకపోతే అక్కడా రాదు." తను ముట్టుకోలేదు, నాచేతే చేయించాడు, రెండుసార్లు తప్పు చేస్తే రెండుసార్లూ ఊరుకున్నాడు, మూడోసారి నా స్క్రీన్ తెరుచుకుంది. ట్యాలీలో నేను పొద్దున సగం కొట్టి వదిలేసిన ఓచర్ అలాగే ఉంది. హెల్పర్ కుర్రాడు "హఉ, హఉ" అని చప్పట్లు కొట్టాడు.

ఒక సంగతి ముందే తెలుసుకోండి. నేను ఇంటి నుంచి లాగిన్ అయితే ఆఫీసులో ఆ కంప్యూటర్ స్క్రీన్ లాక్ అయిపోతుంది, మామూలు విండోస్‌లో ఒకసారికి ఒక్కరే. ఇద్దరు ముగ్గురు ఒకే మెషీన్‌లో చెయ్యాలంటే సర్వర్‌లో దానికి వేరే లైసెన్సులు కొనాలట. సాయంత్రం ఆరు తర్వాత నా కంప్యూటర్ దగ్గర ఎవరూ కూర్చోకూడదని షావుకారు గారు రూల్ పెట్టారు, సరిపోయింది.

వెళ్లేముందు ప్రతి కేబుల్‌కీ రెండు చివర్లా ఒకే నంబర్ అంటించాడు. ఏ నంబర్ ఏ కంప్యూటరో, దాని పేరు, ఐపీ రాసిన కాగితం ఒడియాలో ఒకటి ఇచ్చాడు, నేను చెబితే హెల్పర్ తెలుగులో ఇంకొకటి రాశాడు. పాస్‌వర్డులు ఆ కాగితం మీద లేవు, వాటిని విడిగా కవర్లో పెట్టి అంటించి షావుకారు గారి చేతికిచ్చి బీరువాలో పెట్టమన్నాడు.

నచ్చనివీ చెప్పాలి. పదకొండుకి వస్తానంటే ఒంటిగంటకి వచ్చాడు, రెండు రోజులూ. వేరేచోట పనిలో ఉంటే ఫోన్ ఎత్తడు, మెసేజ్ పెడితే సాయంత్రానికి చూస్తాడు. స్టాటిక్ ఐపీకి ఏటా డబ్బు కట్టాలన్న మాట మొదటి రోజే చెప్పి ఉంటే బాగుండేది, రెండో రోజు చెప్పేసరికి షావుకారు గారికి కోపం వచ్చింది, మధ్యలో నేను మాట పడ్డాను. మెట్ల దగ్గర కేబుల్‌కి క్లిప్పులు కొట్టకుండా వదిలేశాడు, రెండుసార్లు అడిగితే గానీ రాలేదు. బిల్లు వారానికి వచ్చింది.

ఖర్చు ఇలా అయింది: రెండు రోజుల విజిట్లకి 1,200, కంప్యూటర్లు కలిపినందుకు ఒక్కోదానికి 400 చొప్పున 1,200, కేబుల్ పనికి 1,900, వీపీఎన్, రిమోట్ లాగిన్‌కి 2,500, స్విచ్‌కి 1,300. మొత్తం 8,100. ప్రో లైసెన్సు, స్టాటిక్ ఐపీ, గొడౌన్ బ్యాటరీ వేరే.

ఆ నెల 19వ తేదీ రాత్రి ఇంటి నుంచి 3బీ వేద్దామని కూర్చుంటే మళ్లీ రాలేదు. నాకు టెన్షన్‌తో చెమటలు పట్టాయి. వీపీఎన్ కలుస్తోంది, కంప్యూటర్ దొరకట్లేదు. మెసేజ్ పెట్టాను, ఆ రాత్రి మాత్రం పది నిమిషాల్లో ఫోన్ చేశాడు. సాయంత్రం బరంపురంలో గాలివాన, కరెంటు పోయి వచ్చింది, రౌటర్ దానంతట అదే ఆన్ అయింది, నా కంప్యూటర్ కాలేదు. షావుకారు గారి ఇల్లు ఆఫీసు వెనకే కాబట్టి వాళ్లబ్బాయి వెళ్లి బటన్ నొక్కాడు, తొమ్మిదింబావుకి రిటర్న్ వేసి అన్నం తిన్నాను. మర్నాడు కుర్రాడు వచ్చి, కరెంటు తిరిగి రాగానే కంప్యూటర్ దానంతట అదే ఆన్ అయ్యే సెట్టింగ్ బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగుల చోటు) మార్చి వెళ్లాడు, దానికి డబ్బు తీసుకోలేదు. ఇది మొదటి రోజే చెయ్యాల్సిన పని, నేను మర్చిపోయానక్కా అన్నాడు.

వెళ్లాలనుకునేవాళ్లు పొద్దున పదిలోపు వెళ్లండి, తర్వాత షాపులో ఉండడు. వెళ్లేటప్పుడు ఎర్రర్ వచ్చిన స్క్రీన్ ఫోటో, రౌటర్ కింద స్టిక్కర్ ఫోటో తీసుకెళ్లండి, ముందు అవే అడుగుతాడు. ఆదివారం షాపు ఉండదు.